మా బాపు గడ్డపు డబ్బా
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



పండుగపూట గడ్డం గీసుకునే సామాను గురించి మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చు. కాని మన పెద్దలు ఊరు విడిచి బొంబాయి చేరిన కథలో ఆ సామానుకూ చోటున్నది. కరీంనగర్ జిల్లాలోని మా పల్లెలో మా తాత తన గడ్డం తాను గీసుకుని ఎరుగడు. మంగలి ఇంటికే వచ్చేవాడు. ఏడాదికింత అని ధాన్యం కొలిచి ఇచ్చేవారు. మిల్లులో సాంచాల మీద పనికి వచ్చిన మా బాపుకు ఇక్కడ ఇంటికి వచ్చే మంగలీ లేడు, కొలిచి ఇవ్వటానికి ధాన్యమూ లేదు. అందుకని మొదటి జీతంలో ఒక సేఫ్టీ రేజరు కొనుక్కున్నాడు.

1904లో అమెరికాలో జిల్లెట్ అనే ఆయన పేటెంటు పొందిన తరహాదే అది. విప్పితే పిడి, పళ్లెం, మూత అని మూడు ముక్కలు. నడుమ రెండంచుల బ్లేడు. దానితోపాటు కుచ్చు బ్రష్షు, గుండ్రని సబ్బు, పటిక ముక్క, చేతి అద్దం. అన్నీ ఒక రేకు డబ్బాలో ఉండేవి.

తెల్లవారుజామున మిల్లు భోంగా కూయకముందే బాపు చాలులోని మా గదిలో మోరీ దగ్గర కూర్చునేవాడు. అద్దం పట్టుకోవటం నా పని. వేడినీళ్లతో గడ్డం బాగా నానబెట్టేవాడు. నానిన వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుతుంది. నురగ పట్టించి, ముందు వెంట్రుక వాలిన వైపుకే గీసేవాడు. చివర పటిక రుద్దుకునేవాడు. పటిక చర్మాన్ని బిగించి, చిన్న గాట్ల నెత్తురు కట్టిస్తుంది.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. సుమారు 2.5 లక్షల మంది పని మానారు. భోంగా మూగబోయింది. బాపు మాత్రం అదే వేళకు లేచి గడ్డం గీసుకునేవాడు. వారానికొక బ్లేడు మార్చే మనిషి, ఒకే బ్లేడును గాజుగ్లాసు లోపలి గోడకు రుద్ది పదును తెప్పించి, నెలల తరబడి వాడుకున్నాడు.

ఆ ఏడు దుందుభి నామ సంవత్సర ఉగాదికి ముందునాడు, అమావాస్య. భివండీలో మరమగ్గాల కార్ఖానాలో పని అడగటానికి బాపు బయలుదేరుతున్నాడు.

“అమాసనాడు గడ్డమేంది?” అన్నది అమ్మ.

“పనిచ్చేటోడు అమాస చూస్తడా?” అన్నాడు బాపు.

ఒక్క గీత గీసి ఆగిపోయాడు. రేజరు విప్పి చూస్తే బ్లేడు అంచున పెన్సిలు నలుపు. ముందురోజు రాత్రి దానితో పెన్సిలు చెక్కింది నేనే. నా చేతిలో అద్దం వణికింది. బాపు నన్ను చూసి, “మొన మంచిగ తేలిందా బిడ్డా?” అని మాత్రం అడిగి, గ్లాసు అందుకున్నాడు. ఎంత రుద్దినా పదును రాలేదు. మూడు చోట్ల తెగింది. పటిక అద్దుకుని వెళ్లిపోయాడు.

రాత్రి తిరిగివచ్చి, “పండుగ ఎల్లినంక రమ్మన్నరు” అన్నాడు. మర్నాడు ఇరుగుపొరుగు మరాఠీవారు గుడి నిలబెట్టుకుంటూ ఉంటే, మేము పచ్చడి తిన్నాము. ఎదురుగా బాపు గడ్డం మీద ఆ మూడు గాట్లు. వేపపువ్వు చేదు నాకు తెలియనేలేదు.

సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. అది అలాగే చల్లారిపోయింది. ఎన్నో మిల్లులు తిరిగి తెరుచుకోలేదు. బాపు ఒంట్లో శక్తి ఉన్నంతకాలం భివండీలోనే పనిచేశాడు. ఆ బ్లేడు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేడు చెప్పుకుందామంటే ఆయన లేరు. అందుకే మీ ముందు చెప్పుకున్నాను.

డబ్బా నా దగ్గరున్నది. మీ ఇండ్లలోనూ ఇటువంటిది ఏదైనా ఉంటే పారవేయకండి. పిల్లలను పిలిచి, అది ఎవరిదో, దానితో ఆ మనిషి ఎన్ని ఉదయాలు నెట్టుకొచ్చాడో చెప్పండి.

సెలవు.