ఇంటి కంప్యూటరుకు దొంగ తాళంచెవి
(పౌర అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన విషయం ఇంటి కంప్యూటరు భద్రత. చెప్పదలచుకొంటే దీనికి ఒక పూట చాలదు. అన్నింటినీ పైపైన తడిమి వెళ్లడం కంటె, మనవంటి ఊళ్లలోని ఇళ్లకు మిక్కిలి దగ్గరగా ఉన్న ఒక్క అపాయాన్ని పట్టుకొని దాని లోతు చూడడం మేలని నా అభిప్రాయం. ఆ అపాయం పేరు 'క్రాక్'. డబ్బు చెల్లించి కొనవలసిన సాఫ్ట్‌వేరును చెల్లించకుండా తెరిచే దొంగ తాళంచెవి అది. దానినే కీజెన్ అనీ, యాక్టివేటర్ అనీ కూడా అంటారు.

ఒక మాట పక్కకు జరిగి చెప్పనివ్వండి. ఈ పుస్తకపు కన్నడ భాగంలో సాఫ్ట్‌వేరును 'తంత్రాంశ' అన్నారు. అక్కడ ఆ మాట చక్కగా నిలదొక్కుకొంది. తెలుగు భాగంలో నేను సాఫ్ట్‌వేరనే ఉంచాను. అంగడికి వెళ్లి 'తంత్రాంశం ఇవ్వండి' అని అడిగే తెలుగువారు బళ్ళారిలో నాకు ఇంతవరకు తారసపడలేదు. వైరస్ అనే మాటా అంతే. శాస్త్రం ప్రకారం హాని చేసే సాఫ్ట్‌వేర్లలో వైరస్ ఒక తెగ మాత్రమే అయినా, జనం నోట అన్నిటికీ అదే పేరు. ఈ పూటకు ఆ భేదాన్ని పట్టించుకోనవసరం లేదు.

మన ఊరిలో ఇంటి కంప్యూటరు ఒట్టి ఆటవస్తువు కాదు. జీన్స్ కుట్టు పని చేయించే ఇంట్లో ఎవరికి ఎన్ని జతలు ఇచ్చారో, ఎవరికి కూలి ఎంత బాకీయో ఆ లెక్క అంతా అందులోనే ఉంటుంది. పెళ్లిపత్రికలు కూర్చే ఇంట్లో ఏళ్ల తరబడి తయారుచేసిన నమూనాలన్నీ అందులోనే ఉంటాయి. పిల్లల చదువు, తాతగారి చివరి ఫొటో కూడా అక్కడే. ఇన్ని ఉన్న ఆ యంత్రంలోకి ట్యాలీ, ఫొటోషాప్, పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు చాలాసార్లు ఎలా వస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు. పక్కవీధి కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసిపోతాడు. అతనికి అది వేరెవరో ఇచ్చినది. వారు ఇంటర్నెట్టులో ఎక్కడో దింపుకొన్నది.

ఆ దొంగ తాళంచెవితో పాటు ఒక సూచన కూడా వస్తుంది: 'ముందు యాంటీవైరస్‌ను ఆపివేయండి.' ఆ ఒక్క వాక్యాన్ని మీరు గుర్తుంచుకోవాలి. ఇంటికి వచ్చిన కొత్త మనిషి, లోపలికి రాకముందే 'మీ కావలివాడిని కాసేపు బయటికి పంపండి' అంటే మనం తలుపు తీస్తామా? కంప్యూటరు విషయంలో మాత్రం తీస్తున్నాము. తాళం తెరుచుకోవాలంటే అది తప్పదని నమ్ముతున్నాము. కొన్ని క్రాక్‌లు చెప్పిన పని చేస్తాయి కూడా. సాఫ్ట్‌వేరు తెరుచుకొంటుంది, ఇంటివారు సంతోషిస్తారు. దానితో పాటు లోపలికి వచ్చినది మాత్రం వెళ్లదు.

ఇందుకు ప్రపంచమంతటా పేరుపడిన ఉదాహరణ 'స్టాప్' అనే వైరస్ కుటుంబం. దీనినే డీజేవీయూ అని కూడా అంటారు. పెద్ద ఆసుపత్రులనూ కంపెనీలనూ పట్టే వైరస్‌ల వార్తలు పత్రికల మొదటి పుటలకు ఎక్కుతాయి. ఇది అలాంటిది కాదు. ఇళ్ల మీద పడి బతికేది. 2018 తరువాతి కొన్నేళ్లలో క్రాక్‌ల వెంట, కీజెన్‌ల వెంట లెక్కలేనన్ని ఇళ్లలోకి చేరింది. ఇది పనిచేసే తీరు చూడండి. పని మొదలుపెట్టగానే తెర మీద విండోస్ అప్‌డేట్ జరుగుతున్నట్టు ఒక బొమ్మ చూపిస్తుంది. యంత్రం నెమ్మదించినా మనం అనుమానించం. ఆ చాటున ఒక్కొక్క ఫైలును తీసుకొని, దాని మొదటి కొంత భాగాన్ని సంకేతలిపిలోకి మార్చివేస్తుంది. ఫైలు మొత్తాన్ని మార్చే ఓపిక దానికి లేదు, అవసరమూ లేదు. మొదటి భాగం చెడితే చాలు, ఫొటో తెరుచుకోదు, లెక్కల పుస్తకం తెరుచుకోదు. విండోస్ తనకు తానుగా దాచుకొనే పాత ప్రతులను తుడిచివేస్తుంది. సహాయం వెతుక్కోకుండా, భద్రతా సంస్థల వెబ్‌సైట్లకు వెళ్లే దారిని కూడా మూస్తుంది. యంత్రానికి తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్‌నూ వదలదు. చివర ప్రతి ఫోల్డరులో 'రీడ్‌మీ' అనే చీటీ పెడుతుంది. చాలా కాలం ఆ చీటీలోని ధర 980 డాలర్లు. 72 గంటల లోపల మాట్లాడుకొంటే సగం, అంటే 490.

తాళం తెరిచే ఉపాయం లేదా అంటే, కొందరికి ఉంది. ఈ వైరస్ ప్రతి యంత్రానికీ ఒక వేరు తాళంచెవిని తన యజమాని సర్వరు నుంచి తెప్పించుకొంటుంది. ఆ సమయంలో సర్వరు అందకపోతే తనలోనే దాచుకొన్న ఉమ్మడి తాళంచెవిని వాడుతుంది. ఉమ్మడి తాళంచెవి ఎవరో ఒకరి ద్వారా బయటపడితే, దానితో బిగించిన ఫైళ్లన్నీ తెరవవచ్చు. ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ 2019 అక్టోబరులో, ఈ వైరస్ పాత రూపాలు 100కు పైగా వాటికి పనికివచ్చే సాధనాన్ని ఉచితంగా విడుదల చేసింది. ఆ తరువాతి రూపాలు వేరు తాళంచెవితో బిగిస్తే మాత్రం దారి లేదు. కనుక బాధితులైనవారు డబ్బు కట్టవద్దు, చెడిన ఫైళ్లను పారేయనూ వద్దు. ఒక డిస్కులో దాచిపెట్టండి. డచ్చి పోలీసులు, యూరోపోల్, రెండు భద్రతా సంస్థలు కలిసి 2016లో ప్రారంభించిన 'నో మోర్ ర్యాన్సమ్' అనే వెబ్‌సైటులో, తెరిచే సాధనం ఎప్పుడైనా వచ్చిందేమో చూసుకోవచ్చు. అక్కడ రుసుము లేదు. 'నేను తెరిచి ఇస్తాను, ముందు కొంత పంపండి' అని చెప్పేవారు ఇంటర్నెట్టులో చాలామంది ఉన్నారు; వారు రెండో దొంగలు.

ఫైళ్లు పోవడం కంటికి కనబడే నష్టం. కనబడనిది మరొకటి ఉంది. ఈ వైరస్ తరచు తన వెంట ఒక తోడుదొంగను తెస్తుంది. బ్రౌజరులో మనం 'గుర్తుంచుకో' అని అప్పగించిన పాస్‌వర్డులన్నింటినీ ఆ తోడుదొంగ పోగుచేసి పంపివేస్తుంది. యంత్రాన్ని తుడిచి మళ్లీ విండోస్ వేయించుకొని 'పీడ వదిలింది' అనుకొన్న ఇంట, నెల తరువాత మెయిల్ ఖాతా పరుల చేతికి పోవడం ఇందువల్లనే. కనుక అలాంటిది జరిగినప్పుడు మరొక శుభ్రమైన ఫోను నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులను అదే రోజు మార్చాలి. మెయిల్‌దే మొదట మార్చాలి. మిగతా వాటి తాళాలన్నీ దానికే వేలాడుతూ ఉంటాయి.

మరి మార్గం? కొంటే కొనాలి, లేకుంటే చట్టబద్ధంగా ఉచితంగా దొరికేది వాడాలి. ఇక్కడ తెలుగువారికి ఒక శుభవార్త ఉంది. అది తగినంతమందికి చేరలేదని నా బాధ. తెలుగు టైపు చేయడానికి దొంగ ఫాంటు అక్కరలేదు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ గౌతమి ఫాంటూ, ప్రభుత్వం ప్రామాణికంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ విండోస్‌లోనే ఉన్నాయి. 2019లో ఉచ్చారణను బట్టి టైపు చేసే తెలుగు కీబోర్డు కూడా చేరింది. మండలి, రామభద్ర, సురన్న, రవిప్రకాశ్ వంటి అందమైన అక్షరరూపాలు గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చినది మరో యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలు కనబడతాయి. యూనికోడులో ఆ బెడద లేదు. ఉత్తరాలకు, లెక్కల పట్టికలకు లిబ్రెఆఫీస్ చాలు; దానిని తెలుగులో కూడా చూపించుకోవచ్చు. పత్రికల కూర్పుకు స్క్రైబస్, బొమ్మలకు ఇంక్‌స్కేప్, గింప్ ఉన్నాయి. ట్యాలీ నేర్చుకొనే పిల్లలకు ఆ సంస్థే అభ్యాసరూపాన్ని ఉచితంగా ఇస్తుంది. అయితే, పేజ్‌మేకర్‌కు అలవాటుపడిన చేయి స్క్రైబస్‌కు ఒక్క రోజులో అలవాటు పడదు. మొదటి వారం విసుగు తప్పదు. దానిని కాదనడం లేదు.

ఫైళ్లకు రెండో ప్రతి ఉండాలని అందరూ చెబుతారు. ఆ రెండో ప్రతిని కంప్యూటరుకు తగిలించే ఉంచితే అది ప్రతి కాదు. ఇందాక చెప్పినట్టు, వైరస్ దానినీ తాకుతుంది. వారానికి ఒకసారి డిస్కు తగిలించి, లెక్కలు, ఫొటోలు ఎక్కించి, ఊడదీసి బీరువాలో పెట్టండి. నెలకొకసారి అందులోని ఒక ఫైలును తెరిచి చూడండి.

అప్‌డేట్‌ల విషయం క్లుప్తంగా చెబుతాను. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టినప్పుడు బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. అది చొరబడిన కంతను పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది. రెండు నెలల వ్యవధి ఉన్నా ఎన్నో యంత్రాలు దానిని వేసుకోలేదు. దొంగ విండోస్ ఉన్న ఇళ్లలో, తాళం ఊడిపోతుందనే భయంతో అప్‌డేట్‌లను ఆపివేయడం మామూలు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 పట్టని పాత యంత్రాన్ని అలాగే ఇంటర్నెట్టుకు తగిలించి వాడవద్దు. ఉబుంటు వంటి లినక్స్ వేసుకొంటే మరికొన్నేళ్లు పనిచేస్తుంది.

ఎంత జాగ్రత్తపడినా డబ్బు పోతే, ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. జాతీయ ఫిర్యాదుల వెబ్‌సైటు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. పోయిన సొమ్ము చేతులు మారకముందే ఖాతాను నిలిపే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ; మరునాడు ఇంట్లో అందరితో చర్చించి ఫోను చేద్దామనుకొంటే ఆ అవకాశం పోతుంది. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం నుంచి, యంత్రాన్ని శుభ్రపరచే సాధనాలు ఉచితంగా దింపుకోవచ్చు.

చివరిగా ఒక చిన్న అమరిక. విండోస్ ఫైలు పేరులోని తోకను మామూలుగా దాచిపెడుతుంది. 'పెళ్లిపత్రిక డాట్ పీడీఎఫ్' అని కనబడేది నిజానికి 'పెళ్లిపత్రిక డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ' కావచ్చు. అది పత్రిక కాదు, నడిచే ప్రోగ్రాము. 2000 సంవత్సరం మే నెలలో ప్రేమలేఖ వేషంలో లోకమంతా తిరిగిన వైరస్ ఈ దాపరికాన్నే ఆసరా చేసుకొంది. ఆ తోక కనిపించేలా చేయడానికి రెండు మూడు క్లిక్కులు చాలు. అదిగో, ఆ బల్ల మీద కంప్యూటరు పెట్టించాము. ముందు వరుసలో ఉన్న అమ్మగారూ, మీరే వచ్చి మౌసు పట్టుకోండి, నేను చెబుతూ ఉంటాను.