పిడుగుమబ్బును కొలుచుట



మన రామకుప్పము ప్రాంతమున వైశాఖమాసపు సాయంకాలమందు మబ్బు క్రమ్మినచో రైతునకు సంతోషమును భయమును ఒక్కమారే కలుగును. ఎండిన చేనికి వాన కావలెను. మామిడితోటకు వడగండ్లు వలదు. కాపరికి పిడుగుభయము. నాయొద్ద చదివిన బాలుడొకడు అట్టివేళ మేకలతో చింతచెట్టు క్రింద నిలిచి, మరల ఇల్లు చేరలేదు. వాన వచ్చినచో చెట్టు క్రిందికి పొండని బడిపిల్లలతో నేనే ఎన్నిమారులు చెప్పితినో! ఆ మాట నన్ను నేటికిని బాధించుచున్నది.

ఆ మబ్బులోపలి సంగతి తెలిసికొనుటకు తిరుపతికి సమీపమున గాదంకి గ్రామమందొక మహాయంత్రము కలదు. 1993లో పూర్తిగా పనిచేయ నారంభించిన ఆ రాడారునకు తిరుగు పళ్లెము లేదు. సుమారు నాలుగెకరముల నేలపై 1024 ఏంటెన్నాలు తోటలోని మొక్కలవలె వరుసలు తీరియున్నవి. వానినుండి రేడియో తరంగములు ఆకాశమునకు పోవును. గాలి సుడులుగొన్న చోటులనుండి అందు రవంత మరలివచ్చును. మరలిన తరంగమున గలిగిన మార్పును బట్టి గాలి పైకెగయుచున్నదో, క్రిందికి దిగుచున్నదో, ఎంత వేగముతోనో లెక్కింతురు. పిడుగుమబ్బునడుమ గాలి సెకనుకు 10 మీటర్లకు మించి నిట్టనిలువుగా నెగయుట అచ్చట కనుగొనబడినది. ఆ గాలియే నీటిబిందువులను గడ్డకట్టు నెత్తునకు మోసికొనిపోయి వడగండ్లను చేయును. మంచుతునకలు ఒండొంటిని రాచుకొనగా విద్యుత్తు పుట్టును.

శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు పరిశోధకులును ఈ రాడారు కొలతలతో పనిచేసిరి. పైకి వదలెడి బెలూనులు వేడిమిని, తేమను తెలుపును. చినుకుల లావును కొలుచు పరికరము వేరొకటి. కొలుచుట మనకు క్రొత్త గాదు. ధాన్యాగారమున మూరెడు వెడల్పుగల కుండము నుంచి వాన కొలువవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రమందే కలదు. ఉగాదినాడు మేఘాధిపతి ఫలమును నేనును వినువాడనే. గాని పిడుగు రాకను అది చెప్పజాలదు.

రాడారైనను ఫలాని చెట్టుపై పడునని చెప్పదు. పూణేలోని ఉష్ణమండల వాతావరణ విజ్ఞానసంస్థవారి దామిని సేవ మాత్రము మనకు 20, 40 కిలోమీటర్ల లోపలి మెరుపులను ఫోనునందు తెలుపును. మీ మనుమలచేత పెట్టించుకొనుడు. ఫోను లేనివారు మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు లెక్కింపుడు. మూడు సెకనులకు కిలోమీటరు దూరము. లెక్క ముప్పదికి లోపడినచో చెట్టును విడిచి గట్టి యింటిలోనికి పోవలెను; కడపటి ఉరుము పిదప అరగంటవరకు వెలుపలికి రారాదు.