కొండచిలువ పిల్ల - మచ్చిక



గత వర్షాకాలమున మా పులివెందుల చెంతనున్న యొక చీనీతోటలో, బావిగట్టు రాళ్లసందున, మూడడుగుల కొండచిలువ పిల్ల యొకటి కనబడినది. కూలివాండ్రు కట్టెలెత్తిరి. ఒక చిన్నవాడు మాత్రము నా యొద్దకు పరుగెత్తి వచ్చి, "అయివారూ, చంపొద్దని చెప్పండి, నేను సాకుకుంటా" ననెను. చంపుటయు సాకుటయు రెండును కూడనివే యని వానికి చెప్పుట నాకు కష్టమైనది. ఏలయన, వాని యీడున నేనును ఆ కోరికయే కోరియుంటిని.

1968 ప్రాంతమున, నాకు పదేండ్లనాడు, మా యూరికి ఏటేట నొక పాములవాడు వచ్చుచుండెను. వాని గంపలలో త్రాచులతోపాటు కొండచిలువ పిల్ల యొకటి యుండెను. త్రాచుల కోరలు పీకి, నోళ్లు కుట్టి ఆడించు క్రూరులు ఆ వృత్తిలో లేకపోలేదు. ఈతడు మాత్రము చిలువకు అట్టి హింస యేమియు చేయలేదు. దానికి విషము లేదు. లోపలికి వంగిన సూదులవంటి పండ్లు కలవు. కరచినప్పుడు చేయి వెనుకకు లాగుకొన్నచో మన చర్మమే చీలును.

వాడు దానిని మచ్చిక చేసిన తీరు అరుగుమీద కూర్చుండి అడిగి తెలిసికొంటిని. క్రొత్తగా తెచ్చిన పిల్లను వారము పదిదినములు ముట్టలేదట. చీకటి గంప, గోనెపట్ట, నీళ్లముంత, అంతియే. అది జంకులేక ఎలుకను మ్రింగిన పిదపనే చేయి పెట్టుట. మ్రింగిన తరువాత రెండుమూడు దినములు మరల ముట్టడు. ముట్టినచో తిన్నది కక్కును. కుబుసము విడుచుటకు ముందు దాని కన్నులు పాలు కలిసినట్లు తెల్లబారి చూపు మందగించును, అప్పుడును ముట్టరాదు. చేయి ఎన్నడును పైనుండి దిగరాదు. గ్రద్ద వచ్చునది పైనుండియే కదా! ప్రక్కగా పోయి, నడుము క్రింద రెండుచోట్ల చేతులుంచి మెల్లగా నెత్తవలెను. మొదట అయిదు నిమిషములు చాలును.

నేను ఆత్రముతో బిగించి పట్టగా వాడు నవ్వి, "పట్టుకోగాకు నాయనా, మోయి. నీ చెయ్యి చెట్టుకొమ్మ అనుకోనీ" అనెను.

ఒకనాడు కోడిపిల్లలను గంపక్రింద మూసి, చేతులు కడుగకయే వచ్చి చాచితిని. చిలువ పెదవుల వెంట వేడిని కనిపెట్టు సన్నని గుంటలు కలవు. కోడివాసన, చేతివేడి రెండును కలియగా అది నా వ్రేలిని కోడిపిల్ల యనుకొని పట్టినది. నేను కెవ్వుమంటిని. లాగవద్దని వాడు కేకవైచి, చెంబెడు చన్నీళ్లు దాని మూతిపై పోయగా విడిచెను. పొరపాటు నాది, పాముది కాదు. మచ్చిక యనగా ప్రేమ యని మనము చెప్పుకొందుము. పాము విషయమున అది సరికాదు. అది మనలను ప్రేమించుట నేర్వదు, భయపడుట మానును. నేర్చుకొనవలసినది మన చేయి.

ఆ విద్య నేడు మన యిండ్లలో చెల్లదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. కొండచిలువ అందులో మొదటి షెడ్యూలున నున్నది. పట్టినను, పెంచినను, చంపినను మూడేండ్లకు తక్కువ గాని, ఏడేండ్లవరకు పోగల చెర, ఇరువదియైదువేలకు తక్కువగాని జరిమానా. పట్టణములలో కొందరు ఆఫ్రికాదేశపు బాల్ పైతాన్ అను చిలువను పెంచుచున్నారు. 2022 నాటి సవరణచట్టము, 2024 నాటి నియమముల ప్రకారము అట్టివానిని ప్రభుత్వమునొద్ద నమోదు చేయవలెను. వారికిని పాములవాని పాఠమే పాఠము. మరియొకటి, ఆరడుగులు దాటిన చిలువను ఒంటరిగా ఎత్తరాదు, మెడలో వేసికొనుట ఎన్నడును తగదు.

ఇంకొక ముఖ్యమైన మాట. చిలువపిల్లకును రక్తపింజరికిని మచ్చలలో పోలిక కలదు. పింజరి మచ్చలు గొలుసువలె మూడు వరుసలుగా నుండును. దాని కాటు ప్రాణాంతకము. పొలమున మసకవెలుతురులో ఈ భేదము కనిపెట్టుట యెవరితరము? కావున నావంటి వాడును చేయి చాచరాదు.

ఆనాడు తోటలో నేను చేసినది స్వల్పమే. కట్టెలు దింపించితిని, కుక్కను కట్టివేయించితిని, అందరిని పదిబారల దూరమున నిలిపి అటవీశాఖవారికి కబురంపితిని. "పిల్లలను మ్రింగదా?" యని యొక ముసలామె. మూడడుగుల పిల్లకు ఎలుకయే గొప్పవిందని, పెద్దదైన పిదప మన వేరుసెనగ చేలలో పందికొక్కులను తినునని చెప్పితిని. ఆడుచిలువ తన గ్రుడ్లను చుట్టుకొని, కండలు వణకించి ఆ వేడితో వానిని పొదుగునని చెప్పగా ఆమె, "అయ్యో, అదీ తల్లే కదా" యని ముక్కున వ్రేలిడుకొనెను.

సాయంకాలమునకు ఉద్యోగి వచ్చి, తొలుత కొక్కెపుకఱ్ఱతో ప్రక్కనుండి తాకి, పిదప చేతులు క్రిందుగా పోనిచ్చెను. పిల్ల వాని ముంజేతికి చుట్టుకొన్నది. చిన్నవాడు నా చెవిలో, "ఆయన పట్టుకోలేదు అయివారూ, ఊరికే చెయ్యి పెట్టినాడు" అనెను. సంచిమూతి కట్టి, జీపు కొండల వైపు పోవువరకు వాడక్కడనే నిలిచియుండెను.