ప్రేమ మీద రీసెర్చ్‌కి గవర్నమెంట్ డబ్బా?

1975లో అమెరికాలో విలియం ప్రాక్స్‌మైర్ అనే సెనేటర్ ఒక అవార్డు మొదలుపెట్టాడు. పేరు గోల్డెన్ ఫ్లీస్. ప్రజల డబ్బు దండగ చేసినవాళ్లకి ఇచ్చే వెక్కిరింపు అవార్డు అన్నమాట. మొదటిది ఎవరికొచ్చిందో తెలుసా? నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కి. మనుషులు ప్రేమలో ఎందుకు పడతారో స్టడీ చేయడానికి 84,000 డాలర్లు ఇచ్చినందుకు!

నవ్వొచ్చింది కదా? నాకూ వచ్చింది. రాకెట్ అంటే అర్థమవుతుంది, మందు అంటే అర్థమవుతుంది. సోషల్ సైన్స్ అనగానే మాత్రం "దీనివల్ల మనకేంటి?" అనేస్తాం.

అదే ఫౌండేషన్ వేలంపాటల మీద రీసెర్చ్‌కి కూడా డబ్బిచ్చింది. వేలంపాటలో రీసెర్చ్ ఏముంటుంది, ఎక్కువ పాడినవాడికి ఇచ్చేయడమే కదా అనుకోకండి. ఒక మామిడితోట పాటకి పెట్టారనుకుందాం. కాపు ఎంతొస్తుందో ఎవరికీ ఖచ్చితంగా తెలీదు. తలా ఒక అంచనా వేస్తారు. పాట ఎవరికి దక్కుతుంది? సాధారణంగా అందరికంటే ఎక్కువ అంచనా వేసినవాడికి. అంటే గెలిచినవాడే నష్టపోయే ఛాన్స్ ఎక్కువ. ఆ భయంతో తెలివైనవాళ్లు తగ్గించి పాడతారు, తోట యజమాని నష్టపోతాడు. రాబర్ట్ విల్సన్, పాల్ మిల్‌గ్రోమ్ లాంటివాళ్లు ఈ చిక్కుముడి మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. అప్పట్లో చూస్తే ఒట్టి కాగితం మీద లెక్కలే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ దగ్గరికి రండి. సిగ్నల్ వెళ్లాలంటే స్పెక్ట్రమ్ కావాలి. అది ప్రజల ఆస్తి, కంపెనీలకి ఎలా పంచాలి? 1980లలో అమెరికా కొన్నాళ్లు లాటరీ తీసింది! లాటరీ తగిలినవాళ్లు లైసెన్సుని పెద్ద కంపెనీలకి అమ్ముకుని కోట్లు సంపాదించారు. ప్రభుత్వానికి ఏం మిగిలినట్టు?

చివరికి 1994లో ఆ ఎకనామిస్టుల డిజైన్‌తో వేలం పెట్టారు. లైసెన్సులన్నీ ఒకేసారి పాటకి, రౌండ్ల మీద రౌండ్లు. ఎవరు ఎంత పాడారో చూసి మిగతావాళ్లు తమ అంచనా సరిచేసుకోవచ్చు కాబట్టి ఆ భయం తగ్గుతుంది. మొదటి వేలంలో 10 లైసెన్సులకి 61.7 కోట్ల డాలర్లు వచ్చాయి.

మన దగ్గర? 2008లో 2జీ లైసెన్సులు ముందొచ్చినవాళ్లకి ముందు అన్నట్టు, 2001 నాటి రేటుకే ఇచ్చారు. దేశం మొత్తానికి 1,658 కోట్లు. 2012లో సుప్రీంకోర్టు ఆ 122 లైసెన్సుల్ని రద్దు చేసింది. మధ్యలో 2010లో 3జీకి రౌండ్ల పద్ధతిలో వేలం జరిగింది. 34 రోజులు, 183 రౌండ్లు, మొత్తం 67 వేల కోట్ల పైమాటే. రెండూ వేరే వేరే స్పెక్ట్రమ్‌లు, నేరుగా పోల్చడం కరెక్ట్ కాదు. రేట్లు మరీ పెరిగి కంపెనీలు అప్పులపాలయ్యాయనే వాదన కూడా ఉంది, అదీ కొట్టిపారేసేది కాదు. కానీ వేలం అయితే ఏ కంపెనీ ఎంత పాడిందో లెక్క కనపడుతుంది. ముందొచ్చినవాళ్లకి ఇచ్చేస్తే ఆ లెక్కే ఉండదు.

సరే, ప్రతి ప్రాజెక్టూ ఇలాగే పనికొస్తుందా? రాదు. చాలావాటిని ఎవరూ చదవరు కూడా. అయితే ఏది పనికొస్తుందో డబ్బిచ్చే రోజున టైటిల్ చూసి చెప్పగలమా అన్నదే నా డౌట్. 2013లో అమెరికన్ కాంగ్రెస్ అదే ప్రయత్నం చేసింది. పొలిటికల్ సైన్స్ ప్రాజెక్టు దేశ భద్రతకో, ఆర్థిక ప్రయోజనానికో పనికొస్తుందని సర్టిఫై చేస్తేనే ఈ ఫౌండేషన్ డబ్బివ్వాలంది. మరుసటి ఏడాదికే ఆ షరతు పోయింది.

ఇంకో విషయం. ఆ వెక్కిరింపు అవార్డుకి పోటీగా 2012లో గోల్డెన్ గూస్ అని ఒకటి మొదలైంది. వింతగా కనిపించి, తర్వాత పనికొచ్చిన రీసెర్చ్‌లకి ఇస్తారు. 2014లో అందుకున్నవాళ్లలో విల్సన్, మిల్‌గ్రోమ్ ఉన్నారు. 2020లో వాళ్లిద్దరికీ ఎకనామిక్స్ నోబెల్ కూడా వచ్చింది.

మన దేశంలో ఈ పని కోసం 1969లోనే ఐసీఎస్ఎస్ఆర్ పెట్టారు. దాని సంగతి వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను మరి, బై.