టెస్టు ఆడని 750 వికెట్లు



రంజీ ట్రోఫీలో అందరికంటే ఎక్కువ వికెట్లు ఎవరివి? చాలామంది బేడీ అంటారు, చంద్రశేఖర్ అంటారు. ఆ రికార్డు రాజిందర్ గోయెల్‌ది. రంజీలో 637 వికెట్లు. ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లన్నీ కలిపితే 750. ఆడిన టెస్టులు మాత్రం సున్నా!

నర్వానాలో పుట్టిన గోయెల్ ఎడమచేతి స్పిన్నర్. 1958-59లో మొదలుపెట్టి 1984-85 దాకా దక్షిణ పంజాబ్, ఢిల్లీ, హర్యానా జట్లకు ఆడారు. అదే కాలంలో, అదే ఎడమచేతి స్పిన్‌తో బిషన్ సింగ్ బేడీ ఉన్నారు. భారత జట్టులో అలాంటి బౌలర్‌కు ఒక్కటే చోటు.

1974లో వెస్టిండీస్‌తో బెంగళూరు టెస్టుకు క్రమశిక్షణ పేరుతో బేడీని పక్కనపెట్టారు. గోయెల్‌ను పిలిచారు. ఇక ఆడటమే తరువాయి అనుకున్నారంతా. తీరా తుది జట్టులో ఆయన పేరు లేదు. ప్రసన్న, వెంకటరాఘవన్ ఇద్దరినీ ఆడించారు. మళ్లీ పిలుపు రాలేదు.

అప్పటికి ఆయనకు 32 ఏళ్లు. మరొకరైతే బంతి వదిలేసేవారు. గోయెల్ మరో పదేళ్లు హర్యానాకు వికెట్లు తీస్తూనే ఉన్నారు.

2017లో బోర్డు సి.కె. నాయుడు జీవన సాఫల్య పురస్కారం ఇచ్చింది. ఆట మానేసిన మూడు దశాబ్దాలకు! 2020లో ఆయన కన్నుమూశారు.

బేడీ గొప్ప బౌలరే. అందులో పేచీ లేదు. కానీ ఎంపిక కానివాడు చేతకానివాడని ఎవరన్నారు? ఉద్యోగ పరీక్షలు రాసే తమ్ముళ్లూ, ప్రమోషన్ల జాబితాలో పేరు వెతుక్కునే అన్నలూ! జాబితా రాసినవాళ్లను లెక్క అడగండి. మీ పని మాత్రం ఆపకండి. గోయెల్ 637 వికెట్ల రికార్డును ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు.