కార్డు మీద కుట్టు
అమ్మకానికి వచ్చిన తొలి క్రిస్మస్ కార్డును 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అచ్చు వేయించారు. మనం మాత్రం ఇంట్లోనే కుట్టుకుందాం.

మందపాటి అట్ట తీసుకోండి. పల్చటిదైతే దారం లాగగానే చిరుగుతుంది. పెన్సిల్‌తో నక్షత్రం గీసి, అట్ట కింద దుప్పటి మడత పెట్టి, ముందు సూదితో బెజ్జాలు మాత్రం పొడవండి. మధ్యలో 3, 4 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. మరీ దగ్గరైతే తపాలా బిళ్ల అంచులా తెగిపోతుంది. ఆ తర్వాతే రెండు పోగుల ఎంబ్రాయిడరీ దారంతో కుట్టండి. వెనక ముడి వేయొద్దు, ఉబ్బుగా కనిపిస్తుంది. దారం కొసను టేపుతో అంటిస్తే చాలు. నరసాపురం లేసు ముక్క ఉందా? అంచుకు కుట్టేయండి. తళుకుల పొడి కన్నా, నా మటుకు, అదే బాగుంటుంది. చివరగా లోపల తెల్ల కాగితం అంటిస్తే వెనక కుట్లు కనబడవు.