పశువుల పండుగలో ప్రాణము పోయిన బాధ్యులెవరు?

కనుమ నాటికి చంద్రగిరి ప్రాంతపు పల్లెలలో పశువుల కొమ్ములు రంగులు దాల్చును. ఎ. రంగంపేట పశువుల పండుగ పేరు వినని వారు మన శ్రోతలలో అరుదు. గిత్తల కొమ్ములకు పలకలు కట్టుదురు. వానిపై దేవతల పటములు, సినిమా నటుల బొమ్మలు, నాయకుల చిత్రములు ఉండును. ఇరుప్రక్కల జనము నిలిచిన వీధిలో గిత్త పరుగిడగా, యువకులు దానిని అడ్డగించి పలకను చేజిక్కించుకొనుటకు ప్రయత్నింతురు. పలక దక్కినవానికి ఊరంతయు జేజేలు పలుకును. కొమ్ము తగిలినవానికి ఆసుపత్రియే గతి. ఒక్కొక్కప్పుడు ఆసుపత్రి చేరువరకు ప్రాణము నిలువదు. అట్టి మరణమునకు చట్టము ఎవరిని బాధ్యులుగా నెంచును? ఈ విషయమును నేటి ప్రసంగమున మీకు విన్నవింపదలచినాము.

అట్టి సమయమున రచ్చబండ వద్ద వినవచ్చు మాట ఒక్కటే: “వానిని ఎవరు దిగమన్నారు? తెలిసియే దిగినాడు.” ఈ మాటను చట్టము బొత్తిగా త్రోసివేయలేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 87వ సెక్షనును, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 25వ సెక్షనును ఈ సంగతినే చెప్పుచున్నవి. 18 ఏండ్లు దాటిన వ్యక్తి తానై ఒక అపాయమునకు సమ్మతించినచో, దానివలన కలిగిన హాని సాధారణముగా నేరము కాదు. ఇద్దరు వినోదమునకై కత్తిసాము చేయుచున్నారనుకొందము. నియమము తప్పక ఆడుచుండగా ఒకనికి గాయమైనచో రెండవవాడు నేరస్థుడు కాడు. ఇది ఆ సెక్షనులోనే ఇచ్చిన ఉదాహరణము.

ఐతే ఈ సమ్మతికి హద్దులు కలవు. మొదటిది వయస్సు. 18 ఏండ్లు నిండని బాలుని సమ్మతికి ఈ సెక్షను క్రింద విలువ లేదు. రెండవది, మరణము గాని తీవ్రమైన గాయము గాని కలుగగలదని తెలిసి చేసిన పనికి ఈ రక్షణ వర్తింపదు. ఇక మూడవది చూడవచ్చినవారి సంగతి. అరుగుపై నిలిచిన ముసలివాడును, తల్లి చంకనున్న బిడ్డయు పలకకై దిగినవారు కారు. దిగినవాడు సైతము గిత్త కొమ్మునకు సమ్మతించెనేమో గాని, నిర్వాహకుల అజాగ్రత్తకు సమ్మతింపలేదు. ఈ భేదమే మన విషయమునకు ఆయువుపట్టు.

ఈ భేదమును ఇంగ్లండులోని ఒక వ్యాజ్యము చక్కగా తెలుపును. 1991లో మైకేల్ వాట్సన్ అను ముష్టియోధుడు లండను నగరమున పోటీలో దెబ్బతిని, మెదడునకు తీరని గాయమైనది. బరి ప్రక్కన తగిన వైద్యసహాయము సకాలమున అందలేదని అతడు అచటి ముష్టియుద్ధ నియంత్రణ మండలిపై దావా వేసెను. 2000లో అప్పీలు న్యాయస్థానము మండలినే బాధ్యురాలిగా నిర్ణయించినది. పిడికిలి దెబ్బకు యోధుడు ఒప్పుకొనెను గాని, వైద్యసహాయము లేకపోవుటకు ఒప్పుకొనలేదు గదా!

మన దేశపు చట్టమును చూతము. నిర్లక్ష్యముచేత ఒకరి ప్రాణము పోవుటకు కారకులైన వారికి న్యాయ సంహిత 106వ సెక్షను 5 ఏండ్ల వరకు జైలుశిక్షను, జరిమానాను విధించుచున్నది. తన స్వాధీనమందున్న పశువువలన మనుష్యులకు అపాయము కలుగకుండ తగిన కట్టుదిట్టము చేయనివానికి 291వ సెక్షను క్రింద 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును కలవు. ఇది తరతరముల ఆచారమనుట నిర్లక్ష్యమునకు సమాధానము కాజాలదు.

కాని శిక్షకైనను, పరిహారమునకైనను ఒక పేరు కావలెను. మన చిక్కు అచటనే యున్నది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధించినది. పిదప 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర రాష్ట్రములు చట్టమును సవరించుకొనగా, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనము ఆ సవరణలను సమర్థించినది. తమిళనాటి నియమముల ప్రకారము కలెక్టరు అనుమతి, రెండు వరుసల కంచె, వైద్యబృందము తప్పనిసరి. అనుమతి కోరినవారి పేరు కాగితముపై నిలిచియుండును. ఆ సవరణలు మన రాష్ట్రమునకు చెందినవి కావు. మన పల్లెలలో పోలీసువారు వలదందురు, ఊరివారు ఆచారమందురు, పండుగ జరిగిపోవును. ఊరందరి పండుగ గనుక నిర్వాహకుడెవడని అడిగిన పలుకువారుండరు. అందరిదైన బాధ్యత ఎవరిదియు గాక, మరణించినవాని భార్యాబిడ్డల నెత్తిన పడును.

కావున అట్టి కుటుంబములు కొన్ని సంగతులు తెలిసికొనియుండవలెను. పశువుచేత మనుష్యుడు మరణించినచో పోలీసువారు విచారణ జరిపి నివేదిక వ్రాయవలెనని నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను చెప్పుచున్నది. ఊరి పెద్దలు నచ్చజెప్పినారని శవపరీక్ష లేకుండ దహనము చేసినచో తరువాతి వ్యాజ్యమునకు ఆధారము మిగులదు. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదముల చట్టము క్రింద భార్య, బిడ్డలు, తల్లిదండ్రుల కొరకు పరిహారపు దావా వేయవచ్చును. గడువు మరణించిన నాటి నుండి 2 సంవత్సరములు. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా న్యాయవాదిని ఏర్పరచును.

పలక పట్టుట ఊరికి గౌరవమైనచో, పట్టబోయి పడినవాని యింటికి సమాధానము చెప్పుటయు ఊరి గౌరవమే. పండుగకు ముందు పెద్దలు కూర్చున్నపుడు, ఈ యేడు గిత్తలెన్ని యని అడుగుటకు ముందు, బాధ్యుడెవరని అడుగవలెను. ఆ ప్రశ్నకు ఒక్క పేరైనను దొరకనిచో, కొమ్ములకు రంగులద్ది, గిత్తకు పొంగలి పెట్టి, కొట్టమునందే కట్టివేయుట మేలు.